ఎవరి కుమారుడు? జోరో కన్ను, సమ్మక్క పుట్టుక, గొల్యాతు ఎత్తు: ఒక విమర్శనాత్మక పరిశీలన

నస్పూర్‌లోని సింగరేణి క్వార్టర్ల నడుమ జరిగే ఒక యౌవనస్థుల కూడికకు మేము కొంతకాలంగా వెళ్తున్నాము. పాట, ప్రార్థన, వాక్యం ముగిసిన తరువాత టీ వచ్చేలోపు పిల్లలు తమలో తాము మాట్లాడుకునే మాటలు వినడం మాకు అలవాటు. ఆ మాటల్లో సగం పరీక్షల తేదీలు, ఉద్యోగ ప్రకటనలు, రెండో షిఫ్టుకు వెళ్లిన తండ్రుల సంగతులు. మిగిలిన సగంలో ఈమధ్య తరచుగా వినిపిస్తున్న పేరు జోరో. మొదట మేము ఆయన ఎవరో సినిమా నటుడనుకున్నాము. కాదని తెలిసి, ఆ చర్చలో ఎంత శ్రద్ధ ఉన్నదో గమనించిన తరువాత, ఈ వ్యాసం వ్రాయవలెనని తోచింది.

జోరో జపాను బొమ్మల కథ ‘వన్ పీస్’లోని ఖడ్గవీరుడు. ఎయిచిరో ఓడా అనే చిత్రకారుడు 1997 జూలై నుండి ‘షోనెన్ జంప్’ అనే వారపత్రికలో దానిని వ్రాస్తూ, గీస్తూ వస్తున్నాడు. ఇటువంటి బొమ్మల కథలను జపానువారు మాంగా అంటారు. మన చందమామ కథలవలె ఒక సంచికలో ముగిసేవి కావు. ఒక్కొక్క కథ దశాబ్దాలు నడుస్తుంది. వారానికొక అధ్యాయం వస్తుంది గనుక, ఒక వారానికీ మరొక వారానికీ నడుమ పాఠకులు ఊరకుండరు. కథకుడు చెప్పనిదానిని తామే చెప్పుకుంటారు. వీరుడు ఎవరి సంతానం, వానిలో దాగిన శక్తి ఏది, దానిని ఎప్పుడు బయటపెడతాడు అన్న ఊహలను పిల్లలు ‘థియరీలు’ అంటున్నారు. మేము కూడా ఆ మాటనే వాడతాము.

ఇట్టి బొమ్మల కథలు విశ్వాసుల పిల్లలు చదువవచ్చునా లేదా అన్న ప్రశ్న మా సహోదర కాపరులలో కొందరికి ముఖ్యమైనదని ఎరుగుదుము. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఒక పాఠంలో ఖాళీ కనబడినప్పుడు చదువరి దానిని దేనితో నింపుతాడు, ఎందుకు నింపుతాడు అన్నదే మా విషయం. లేఖన వ్యాఖ్యానం నేర్చుకొనేవారికి ఇది పరాయి విషయం కాదనుకుంటాము.

కథలో ఉన్నది, కథలో లేనిది

జోరో మూడు కత్తులతో పోరాడుతాడు. ఒకటి పళ్లతో కరచి పట్టుకుంటాడు. చిన్ననాడు షిమోత్సుకి అనే పల్లెలోని కత్తిసాము శాలలో చేరాడు. ఆ శాల గురువుగారి కుమార్తె కుయినా వానికంటె కొంచెం పెద్దది. ఆమెతో పోరాడి వాడు ఒక్కసారి కూడా గెలువలేదు. కథకుడు లెక్క ఖచ్చితంగా చెబుతాడు: 2001 సార్లు ఓడిపోయాడు. చివరి పోరాటం నిజమైన కత్తులతో జరిగింది. అందులోనూ ఓడి నేలమీద పడియున్నవానితో కుయినా తన బాధ చెప్పుకుంటుంది. ఆడపిల్ల ఎదిగినకొద్దీ మగవారికంటె బలహీనమవుతుందనీ, లోకంలో మేటి ఖడ్గధారి కాలేదనీ తండ్రి అన్నాడట. జోరోకు జాలి కలుగలేదు, కోపం వచ్చింది. రేపు నేను నిన్ను గెలిస్తే అది నా సాధన వలన కాక నేను మగవాడనైనందున అంటావా అని నిలదీస్తాడు. ఇద్దరిలో ఒకరు లోకంలో మేటి అవుదామని మాట ఇచ్చుకుంటారు. ఆ తరువాత కుయినా మెట్లమీదినుండి పడి చనిపోతుంది. ఆమె కత్తిని అడిగి తీసుకొని జోరో బయలుదేరుతాడు. ఇదంతా 5వ అధ్యాయంలో ఉన్నది.

ఈ అధ్యాయాన్ని మేము తీరికగా చదివాము. అందులో ఉన్న వాదం స్పష్టం. పుట్టుక శక్తిని నిర్ణయిస్తుందన్న మాటను ఒక తండ్రి పలుకుతాడు, ఒక కూతురు నమ్మి ఏడుస్తుంది, ఒక పిల్లవాడు ఒప్పుకోడు. ఆ పిల్లవాని చేతిలో ఉన్న ఏకైక రుజువు 2001 ఓటములు. మామూలు వీరగాథలలో వీరుడు పుట్టగానే ఒక సూచన కనబడుతుంది. ఇక్కడ సూచన ఏదీ లేదు. తల్లిదండ్రుల పేర్లు లేవు. గొప్ప వంశమూ లేదు, శాపమూ లేదు, వరమూ లేదు.

ఇప్పుడు థియరీల సంగతి. 2010లో కథ రెండు సంవత్సరాలు ముందుకు దూకింది. ఆ రెండేండ్లు జోరో మిహాక్ అనే మేటి ఖడ్గవీరుని యొద్ద, అనగా ఒకప్పుడు తన్ను చిత్తుగా ఓడించినవానియొద్దనే, శిష్యరికం చేశాడు. తిరిగి వచ్చినప్పుడు వాని ఎడమ కంటిమీద నిలువుగా గాటు, కన్ను మూసి ఉన్నది. ఎలా జరిగిందో ఓడా ఇంతవరకు చెప్పలేదు. ఈ ఒక్క మూసిన రెప్పమీద కట్టిన మేడలు ఎన్నో! కంటిలో అసురశక్తి బంధింపబడినదని ఒకరు. అంతకుముందు 2006లో ఒక పోరాటంలో జోరో మూడు ముఖాలు, తొమ్మిది కత్తులతో కనబడిన దృశ్యాన్ని వారు సాక్ష్యంగా చూపుతారు. చివరి పోరాటంలో తప్ప తెరువకూడదని గురువు ఆనతిచ్చాడని మరొకరు. కండలకు బరువు కట్టి సాధన చేసినట్టు చూపునకు కూడా బరువు కట్టుకున్నాడని ఇంకొకరు. ఈ చివరిది మాకు కొంత నచ్చింది, కనీసం అది వాని స్వభావానికి దగ్గరగా ఉన్నది.

వంశమును గూర్చిన థియరీ వేరు. జోరో చేతికి వచ్చిన ఒక కత్తి వానో దేశపు పురాతన వీరుడు ర్యూమాది. వాని పల్లెకు షిమోత్సుకి అని పేరు. ర్యూమా ఇంటిపేరూ షిమోత్సుకి. వీటిని కలిపి, జోరో ఆ సమురాయి వంశమువాడేనని చదువరులు చాలాకాలం వాదించారు. ఇది ఊరక పుట్టిన ఊహ కాదు. పేర్లు, కత్తులు, ముఖకవళికలు, అధ్యాయాల నంబర్లు పక్కపక్కన పెట్టి చేసిన వాదం. మా యొద్ద రెండు సంవత్సరాలు పాఠ విమర్శ చదివిన విద్యార్థులు కొందరు ఇంత జాగ్రత్తగా పరిశీలించరని ఇక్కడే ఒప్పుకుంటాము.

చివరకు 2023లో, 105వ సంపుటిలో, ఓడా జవాబు చెప్పాడు. జోరో అవ్వ షిమోత్సుకి ఇంటి ఆడపడుచు, పేరు ఫురికో. వానో నుండి ఓడలో వచ్చి ఆ పల్లెను నెలకొల్పినవారిలో ఒకరు. ఆ లెక్కన ర్యూమా వాని పూర్వికుడే. చదువరులు గెలిచారు. అయితే ఆ జవాబు ఎక్కడ వచ్చిందో గమనించండి. కథలో కాదు, సంపుటి నడుమ అచ్చువేసే పాఠకుల ప్రశ్నలు–జవాబుల పుటలో వచ్చింది. అది మూలపాఠమా, అంచున వ్రాసిన వ్యాఖ్యా? రచయిత చేతిదే గనుక మూలమంత ప్రామాణికమని పిల్లలు అంటారు. మా అభిప్రాయం వేరు. కథలోని జోరోకు ఆ అవ్వ వలన ఒక్క గెలుపు రాలేదు, ఒక్క నిర్ణయం మారలేదు. ఓడా దానిని కథలోనికి తేకుండా పక్కపుటలో ఉంచడం మంచి పనే చేశాడు. అయినా పూర్తిగా నిలబడలేకపోయాడు. 2021లోనే, లక్షల మందిలో ఒకరికి మాత్రమే పుట్టుకతో ఉంటుందని కథ చెప్పే రాజశక్తి ఒకటి జోరోలో ఉన్నట్టు శత్రువు నోట పలికించాడు. 5వ అధ్యాయంలో ఏడ్చిన కుయినా ఆ మాట విని ఉంటే ఏమనుకునేదో!

మేడారం దారిలో

జపాను వీరుని అక్కడ ఉంచి గోదావరి వైపు వద్దాము. నస్పూర్ పిల్లలకు జోరోకంటె ఎంతో ముందే తెలిసిన వీరవనిత సమ్మక్క. రెండేండ్లకొకసారి మాఘ పౌర్ణమికి ములుగు జిల్లా మేడారంలో జరిగే జాతరకు బొగ్గుగనుల ప్రాంతం నుండి బండ్లు బారులు తీరుతాయి. వెళ్లలేనివారికి గోదావరిఖనిలో నది ఒడ్డునే జాతర జరుగుతుంది. బెల్లాన్ని బంగారమని పిలిచి మనిషి ఎత్తు తూచి ఇవ్వడం ఇక్కడ ఇరుగుపొరుగు ఇండ్లలో అందరూ చూచిన సంగతే. 1996లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా గుర్తించింది. ఇక్కడ మేము ఆ ఆరాధనను గూర్చి మాట్లాడడం లేదు. కథను కథగా, అది చెప్పబడే తీరును మాత్రమే చూస్తున్నాము.

ఎక్కువగా ప్రచారంలో ఉన్న కథ ఇలా మొదలవుతుంది. పొలవాసను ఏలే మేడరాజు మనుషులు వేటకు పోగా, అడవిలో పులుల నడుమ ఆడుకుంటున్న పసిపిల్ల కనబడింది. ఎవరి బిడ్డో తెలియదు. తెచ్చి పెంచుకున్నారు. ఆమె చేతి స్పర్శతో రోగాలు నయమయ్యేవి. మేనల్లుడు పగిడిద్దరాజుకిచ్చి పెండ్లి చేశారు. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టారు. కరువు వచ్చింది. కాకతీయులకు కప్పం కట్టలేకపోయారు. ప్రతాపరుద్రుని సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో చనిపోగా, జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచాడు. నేడది జంపన్న వాగు. సమ్మక్కను వెనుకనుండి పొడిచారు. ఆమె చిలుకలగుట్ట వైపు నడిచి కనబడకుండా పోయింది. వెదకినవారికి కుంకుమ భరిణ దొరికింది.

చరిత్ర విద్యార్థికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. పొలవాస అంటే నేటి జగిత్యాల దగ్గరి పొలాస అని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి మేడరాజును కాకతి రుద్రదేవుడు ఓడించిన సంగతి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో ఉన్నది. ఆ శాసనం 1163 నాటిది. ప్రతాపరుద్రుడు రాజ్యానికి వచ్చినది 1289లో. మేడరాజు పెంచిన బిడ్డ ప్రతాపరుద్రుని సైన్యంతో పోరాడాలంటే నడుమ నూటపాతిక సంవత్సరాలను ఎవరో మింగవలసి ఉంటుంది. ప్రచారంలోని కథ రెండు కాలాలను, రెండు యుద్ధాలను కలిపివేసినదని మా నిర్ధారణ. కలపడం తప్పనడం లేదు. జనుల జ్ఞాపకం ఎక్కడైనా అట్లే పని చేస్తుంది. ఏ యుద్ధమైనా కప్పం అడిగినవాడు ఒక్కడే అన్న లెక్క అందులో ఉండవచ్చు.

మమ్మును నిలిపివేసినది పులుల సంగతి. ఈ బిడ్డ ఎవరి బిడ్డో తెలియదని చెబుతున్నది ఎవరు? కోయలలో గట్టు, ఇంటిపేరు తెలియనివారు ఉండరు. పెండ్లి సంబంధం మొదలు చావు వరకు అవి లేకుండా ఏదీ జరుగదు. వంశచరిత్రను పాడడమే వృత్తిగా గల డోలీలు ఉన్నారు. బట్టమీద బొమ్మలుగా వేసిన పడిగెను విప్పి, డోలు వాయిస్తూ, ఏ గట్టువారిది ఏ వేల్పో, ఆ వేల్పు ఎక్కడినుండి వచ్చిందో పాడతారు. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చినది ఈ పాట కోసమే. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు డోలీల నోటినుండి సమ్మక్క సారలమ్మల కథను సేకరించి ప్రకటించిన తరువాత గాని, బయటివారికి ఇట్టి పాఠం ఒకటున్నదని సరిగా తెలియలేదు.

పాటను పక్కన పెట్టి జాతరను చూచినా ఇదే తెలుస్తుంది. సమ్మక్క చిలుకలగుట్ట నుండి వస్తుంది, తెచ్చేది సిద్దబోయిన ఇంటివారు. సారలమ్మ కన్నెపల్లి నుండి వస్తుంది, తెచ్చేది కాక వంశంవారు. పగిడిద్దరాజు పూనుగొండ్ల నుండి వస్తాడు, తెచ్చేది పెనకవారు. గోవిందరాజు కొండాయి నుండి వస్తాడు. ఏ ఊరినుండి ఎవరు ఎవరిని తేవలెనో తరతరాలుగా స్థిరపడి ఉన్నది. ఇంత వివరంగా చుట్టరికాన్ని కాళ్లతో నడచి చూపించే సమాజం, తన వీరవనిత ఎవరి బిడ్డో మాకు తెలియదని అనుకుంటుందా? తెలియనివారు ఆ గట్టులను ఎరుగని బయటి చెప్పరులు. వారికి తెలియనిదానిని రహస్యంగా మార్చారు. పులులు ఆ ఖాళీలోనికి వచ్చి కూర్చున్నాయి.

జోరో థియరీలో చదువరులు వంశం లేనివానికి వంశం కల్పించారు. సమ్మక్క కథలో బయటివారు వంశం ఉన్నదానికి వంశం తీసివేశారు. రెండు పనులూ భక్తితోనే జరిగాయి. రెండింటిలోనూ ఒకే నష్టం జరిగింది. విన్నవారి మనస్సులో పులులు నిలిచాయి, కుంకుమ భరిణ నిలిచింది. నడుమనున్న కరువు, కట్టలేని కప్పం పలుచబడ్డాయి. సమ్మక్క ఎందుకు పోరాడిందని మేము కూడికలో అడిగితే, ‘శక్తి ఉండె గదా’ అన్నారు. కప్పం మాట తరువాత ఎవరో చిన్నపిల్ల గుర్తుచేసింది.

గొల్యాతు ఎంత ఎత్తు?

ఇది అన్యుల కథలకే పరిమితమని ఎవరైనా అనుకుంటే మొదటి సమూయేలు 17వ అధ్యాయం తెరువవలెను. మన తెలుగు బైబిలు మసోరెటిక్ హీబ్రూ పాఠాన్ని అనుసరించి గొల్యాతు ఎత్తు ఆరు మూరల జేనెడు అని చెబుతుంది, అనగా సుమారు మూడు మీటర్లు. అయితే కుమ్రాన్ గుహలలో దొరికిన సమూయేలు ప్రతి ఒకటి, ప్రాచీన గ్రీకు అనువాదం, చరిత్రకారుడు జోసీఫస్, ఈ మూడూ నాలుగు మూరల జేనెడు అంటాయి, అనగా రెండు మీటర్లకు కొంచెం ఎక్కువ. నాలుగే తొలిపాఠమని పండితులు అనేకులు భావిస్తారు, మాకూ అదే సబబనిపిస్తుంది. ఆ కాలానికి రెండు మీటర్ల మనిషి చాలు, సైన్యం వణకడానికి. ఎవరికో చాలలేదు.

వాని పుట్టుక కూడా ఎవరికో చాలలేదు. గాతు ఊరివాడని లేఖనం చెప్పి ఊరుకుంది. బబులోను తల్మూదులో సోతా అనే భాగం వానికి తల్లిని వెదకి తెచ్చింది: రూతు తోడికోడలు ఓర్పా. రెండవ సమూయేలు 21వ అధ్యాయంలోని ‘హారాఫా’ అన్న మాటను ఓర్పా పేరుతో ముడివేసి ఈ వాదం కట్టారు. అత్తను విడువని రూతు సంతానం దావీదు, అత్తను విడిచిపోయిన ఓర్పా సంతానం గొల్యాతు! చూడముచ్చటగా కుదిరింది. ఒక్క మాటను పట్టుకొని, రెండు గ్రంథాలను కలిపి, వీరుని మరుగైన పుట్టుకను కనుగొనడం. నస్పూర్ పిల్లలు షిమోత్సుకి అన్న పేరుతో చేసిన పనికీ దీనికీ పద్ధతిలో భేదం మాకు కనబడలేదు. ఇక్కడ మాకు రబ్బీలమీద చులకన లేదు, పిల్లలమీదా లేదు. ఇది పాఠాన్ని ప్రేమించేవారు చేసే పని. అయితే ఓర్పా ఏ తప్పూ చేయలేదు. నయోమి రెండుసార్లు వెళ్లుమన్నది, ఆమె ఏడ్చి వెళ్లింది. థియరీ అందంగా కుదరడానికి ఒక విధవరాలు రాక్షసుని తల్లి కావలసి వచ్చింది.

దావీదు మాట ఏమిటి? నీవు బాలుడవు, వాడు చిన్ననాటినుండి యోధుడు అని సౌలు అన్నప్పుడు దావీదు తన పుట్టుకను గూర్చి గాని, తనమీద పోయబడిన తైలమును గూర్చి గాని ఒక్క మాట చెప్పలేదు. గొఱ్ఱెలను కాచిన సంగతి చెప్పాడు. సింహమూ ఎలుగుబంటీ వచ్చినప్పుడు ఏమి చేశాడో చెప్పాడు, వాటినుండి తప్పించినది యెహోవాయే అన్నాడు. సౌలు ఇచ్చిన కవచం అలవాటు లేదని విప్పివేశాడు. అలవాటున్నది వడిసెల. కథలో గెలుపునకు కావలసిన వివరాలన్నీ ఆ రెండు మూడు వచనాల్లో ఉన్నాయి.

అయినా అధ్యాయం చివరలో రాజుకు తృప్తి లేదు. ఈ యౌవనుడు ఎవరి కుమారుడు అని అబ్నేరును అడుగుతాడు. తెలియదంటే, కనుక్కొమ్మంటాడు. చేతిలో గొల్యాతు తల పట్టుకొని నిలిచినవానినే మళ్లీ అడుగుతాడు. 55వ వచనం మొదలు 58వ వచనం లోపల అదే ప్రశ్న మూడుసార్లు. 16వ అధ్యాయంలోనే దావీదును ఎరిగిన సౌలు ఇప్పుడు ఎరుగనట్టు ఎందుకు అడిగాడన్నది పాత చిక్కు. వాటికన్ ప్రతి అనబడే గ్రీకు ప్రతిలో ఈ వచనాలు లేనే లేవు. ఆ పాఠంలో గెలుపుతోనే కథ ముందుకు సాగిపోతుంది. రెండు సంప్రదాయాలు ఇక్కడ కలిశాయని కొందరు, గ్రీకు పాఠం చిక్కును తప్పించడానికి కుదించబడినదని కొందరు వాదిస్తారు. మాకు తోచినది చెప్పుకుంటాము. ఇంత పెద్ద గెలుపును చూచిన జనులు అడిగే మొదటి ప్రశ్న అదే గనుక, ఆ ప్రశ్న పాఠంలోనికి వచ్చి నిలిచింది. దావీదు ఇచ్చిన జవాబులో గొప్ప ఏదీ లేదు. బేత్లెహేము, యెష్షయి. ఒక ఊరు, ఒక తండ్రి.

ఎవరి కొడుకువి?

నస్పూర్‌లో ఈ ప్రశ్న వట్టి కుతూహలం కాదు. ఇక్కడ పిల్లవాని బతుకు దానిమీద నిలిచిన కాలం ఒకటుంది. తండ్రి గనిలో పనిచేస్తే కొడుకుకు ఆ పని వచ్చే వారసత్వ ఉద్యోగాలు ఒకప్పుడు ఉండి, ఆగిపోయి, సంవత్సరాల తరబడి కార్మిక సంఘాల కోరికల పట్టికలో మొదటి వరుసలో నిలిచాయి. 2016 చివరలో తిరిగి ఇవ్వజూస్తే 2017లో హైకోర్టు కొట్టివేసింది. తండ్రి ఉద్యోగం కొడుకుకు హక్కుగా రావడం రాజ్యాంగం చెప్పే సమానత్వానికి విరుద్ధమన్నది. ఆ తరువాత, జబ్బుతో పనికి పనికిరానని వైద్యుల బోర్డు తేల్చిన కార్మికుని వారసునికి కారుణ్య నియామకం అన్న దారి మిగిలింది. తండ్రి ‘అన్‌ఫిట్’ అయితేనే కొడుకు ‘డిపెండెంట్’ అవుతాడు. ఈ రెండు మాటలు శ్రీరాంపూర్ ఏరియాలో ప్రతి ఇంట్లో తెలుసు.

అందుచేత జోరో బలం సాధన వలన వచ్చిందా, రక్తం వలన వచ్చిందా అని ఇక్కడి పిల్లలు గంటలకొద్దీ వాదిస్తుంటే మేము దానిని కాలక్షేపమని అనుకోలేకపోయాము. వారిలో కొందరు డిపెండెంట్ కాగితాలకోసం ఎదురుచూచేవారు. కొందరి తండ్రులు కాంట్రాక్టు కార్మికులు; వారి పిల్లలకు ఆ ఎదురుచూపు కూడా లేదు. అవ్వ ఫురికో సంగతి బయటపడినప్పుడు ఎవరు సంతోషించారో, ఎవరు సంతోషించలేదో అడిగి తెలుసుకున్నాము. ఒక యౌవనుడు, తండ్రి ఇరవైయేండ్లుగా కాంట్రాక్టు పనిచేసేవాడు, ఇలా అన్నాడు: “అయ్యగారూ, అప్పటిదాక జోరో మాలెక్కనే అనుకున్నం. అవ్వ పెద్దింటిదని తెల్సినంక గట్ల అనిపిస్తలేదు.”

పక్కనే కూర్చున్న ఆదివాసి విద్యార్థిని వెంటనే అడ్డు తగిలింది. ఆమెది ఉట్నూరు వైపు. “ఎవరి బిడ్డవో చెప్పుకునే ఊరు, పేరు ఉంటే తప్పేంది అన్నా? మా తాతల పేర్లు కాయితాల మీద లేకనే గదా భూమి పోయింది.” ఆ మాటకు అతడు తలవంచాడు గాని ఒప్పుకోలేదు. మేమూ ఏమీ అనలేకపోయాము. పెద్దింటివాని వంశం చెప్పుకోవడం ఒకటి, చెరిపివేయబడినవారు తమ వంశం చెప్పుకోవడం మరొకటి అని అప్పుడు తోచలేదు. ఇంటికి వచ్చి డోలీల పడిగెలను గూర్చి చదువుతున్నప్పుడు తోచింది. పై భాగంలో మేము సమ్మక్కను గూర్చి వ్రాసినది చాలావరకు ఆ అమ్మాయి మాటకు ఆలస్యంగా ఇచ్చిన జవాబే.

టీ వచ్చింది. మూసిన కన్ను సంగతి మీరేమనుకుంటారని మమ్మును అడిగారు. అందులో ఏ శక్తీ లేదనీ, మిహాక్‌తో సాధన చేసేటప్పుడు తగిలిన దెబ్బ అయి ఉంటుందనీ, ఓడా దానిని చెప్పనవసరం లేదనుకున్నాడనీ మా అభిప్రాయం చెప్పాము. ఒక్కరూ ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం అధ్యాయాల నంబర్లతో వస్తామన్నారు.